బొమ్మ లేని కాన్వాస్‌కి 67 కోట్లు: గైతోండే పద్ధతి, వేలం లెక్క

క్లుప్తంగా: భారతీయ చిత్రకారుడు వాసుదేవ్ గైతోండే ఏడాదికి ఐదారు చిత్రాలకు మించి వేయలేదు. రోలర్‌తో రంగు పొరలు పరిచి, కాగితంతో కొంత రంగు ఎత్తేసి, చిత్రానికీ చిత్రానికీ మధ్య చాలాకాలం ఊరికే కూర్చుని పని చేశారు. ఆయన కాన్వాసుల్లో కనిపించే వెలుగుకు కారణం ఆ పద్ధతే. మార్కెట్లో అవి అరుదుగా దొరకడానికీ అదే కారణం. చిత్రం గొప్పతనం ఒకటి, దాని ధర మరొకటి. రెండూ ఒకే చోట పుట్టినా, ఒకటి చూసి రెండోది తేల్చలేం.

2025 సెప్టెంబర్‌లో శాఫ్రన్‌ఆర్ట్ వేలంలో గైతోండే 1970లో వేసిన ఒక చిత్రం 67.08 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. వార్తతో పాటు చాలా చోట్ల వేలెడంత ఫోటో వేశారు. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు. చిత్రానికి పేరు కూడా లేదు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఇందులో ఏముంది, మా పిల్లాడైనా వేస్తాడు". రెండోది, "ఇదంతా డబ్బున్నవాళ్ల ఆట". రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెండిటికీ జవాబు ఆయన పనిచేసిన తీరులో వెతకాలి. ఆ వేలెడంత ఫోటోలో దొరకదు. పైగా అయోమయంలో సగం ఆ ఫోటో వల్ల వచ్చిందే. పొరల మీద నిలబడిన చిత్రాన్ని ఫోటో తీస్తే ముందుగా పోయేవి ఆ పొరలే.

గిర్గావ్ నుంచి జేజే స్కూల్‌కి

గైతోండే 1924 నవంబర్ 2న నాగ్‌పూర్‌లో పుట్టారు. కుటుంబం మూలాలు గోవాలో ఉన్నాయి. పెరిగింది ఎక్కువగా ముంబై గిర్గావ్‌లో, ఇరుకు గదుల ఇళ్ల మధ్య. 1948లో సర్ జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ నుంచి డిప్లొమా తీసుకున్నారు. ఆ స్కూలు తెలుగు చిత్రకళకు కొత్త చోటేమీ కాదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన పాకాల తిరుమల్ రెడ్డి అంతకు కొన్నేళ్ల ముందే అక్కడ చదివి బయటికొచ్చారు.

1947లో సూజా, రజా, హుస్సేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. గైతోండే కొద్దికాలం తర్వాత వారితో కలిశారు. కానీ ఆ గుంపు స్వభావం వేరు, ఆయన స్వభావం వేరు. సూజా, హుస్సేన్ మనిషి ఆకారాన్ని వంచి, విరిచి, మళ్లీ నిలబెట్టినవాళ్లు. గైతోండే ఆ ఆకారాన్ని మెల్లగా వదిలేస్తూ పోయారు.

రూపం జారిపోయిన క్రమం

నైరూప్య చిత్రకారుడు, అంటే గుర్తుపట్టగల బొమ్మలు లేకుండా వేసేవాడు అనగానే మొదటి రోజు నుంచే రంగులు చల్లినవాడని అనుకోవడం పొరపాటు. గైతోండే మొదట్లో మన సూక్ష్మచిత్రాల సంప్రదాయాన్ని, అంటే మినియేచర్లను దగ్గర పెట్టుకుని పనిచేశారు. ఆయన చెప్పుకున్నదాని ప్రకారం మొదట ఆకట్టుకున్నవి వాటిలోని మెరిసే రంగులు. తర్వాత బొమ్మల్ని మనసులోంచి తీసేసి, ఏ రంగు ఎంత మేర పరుచుకుని ఉంది, దాని పక్కన ఏ రంగు ఎంత ఉంది అన్న పాళ్లను మాత్రమే చూడటం మొదలుపెట్టారు. ఎర్ర చీర కట్టుకున్న నాయిక ఉన్న చిత్రంలోంచి నాయికను తీసేస్తే, పసుపు పక్కన నిలబడిన ఎరుపు మిగులుతుంది. ఆ మిగిలినదే ఆయనకు పాఠం అయింది.

1950లలో యూరప్ చిత్రకారుడు పాల్ క్లీ ప్రభావం కనిపిస్తుంది. సన్నని గీత, దాని చుట్టూ అల్లుకున్న రంగు గళ్లు, బొమ్మకూ గుర్తుకూ మధ్య ఉన్న ఆకారాలు. 1957లో టోక్యోలో జరిగిన యువ ఆసియా కళాకారుల ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి గీత కూడా కరిగిపోయింది. రంగుల పరుపు మిగిలింది. దాని మీద అక్కడక్కడ తేలుతున్నట్టుండే ముద్రలు మిగిలాయి.

ఈ మార్పులో చోటు పాత్ర కూడా ఉంది. ముంబై సముద్రం ఒడ్డున ఉన్న భూలాభాయ్ దేశాయ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన స్టూడియో ఉండేది. రవిశంకర్ సంగీత పాఠశాల, అల్కాజీ నాటక శిక్షణ, హుస్సేన్ కాన్వాసులు అన్నీ ఆ ఆవరణలోనే. నస్రీన్ మొహమ్మదీ లాంటి తర్వాతి తరం చిత్రకారులూ అక్కడే పనిచేశారు. 1960ల మొదట్లోని ఆయన చిత్రాల్లో కొన్ని అడ్డంగా పొడవుగా ఉండి, మసక వెలుగులో సముద్రాన్ని చూస్తున్నట్టు అనిపిస్తాయి. అలాగని వాటిని సముద్రం బొమ్మలు అనేస్తే ఆయన ఒప్పుకునేవారు కారు. రోజూ కళ్లెదుట ఉన్న క్షితిజరేఖ చేతిలోకి వచ్చి ఉండొచ్చు, అంతవరకే.

రోలర్, కాగితం ముక్క, పాకం

ఇక అసలు సంగతికి వస్తే, 1960ల నుంచి గైతోండే చేతిలో కుంచె కన్నా రోలర్, పాలెట్ నైఫ్ (రంగు పరచడానికీ గీకడానికీ వాడే పల్చని కత్తి) ఎక్కువగా కనిపిస్తాయి. రోలర్ అంటే గోడలకు రంగులు వేసేవాళ్లు వాడే తరహా పనిముట్టే. కుంచె గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇట్టే చెప్పేస్తుంది. వేసిన మనిషి ఊపు, కోపం, తొందర అన్నీ అందులో పడతాయి. రోలర్ ఆ సంతకాన్ని చెరిపేస్తుంది. రంగు సమంగా, పల్చగా పరుచుకుంటుంది, చెయ్యి కనపడదు.

తర్వాతి మెట్టు కాగితం. పాత పత్రికల కాగితాలు చించి, రంగు పట్టించి, కాన్వాస్ మీద పెట్టి, రోలర్‌తో అదిమి, మెల్లగా ఎత్తేసేవారు. కాగితం కొంత రంగు వదులుతుంది, కొంత తీసుకుపోతుంది. చిరిగిన అంచు ముద్ర పడుతుంది. దగ్గర్నుంచి చూస్తే ఏదో తెలియని లిపిలో అక్షరాలు సగం చెరిగినట్టు ఉంటుంది. దాని మీద మళ్లీ పల్చని పొర, మళ్లీ ముద్ర, కొన్నిచోట్ల నైఫ్‌తో గీకడం. పాత పల్లెటూరి ఇంటి గోడను చూసినవాళ్లకు ఈ తీరు వెంటనే అర్థమవుతుంది. ఏటా పండక్కి వేసిన సున్నం ఒకచోట పెచ్చు లేచి, కింద ఎప్పటిదో నీలం, దాని కింద ఇంకెప్పటిదో పసుపు బయటపడతాయి. గోడకు అది కాలం చేసిపెట్టిన పని. గైతోండే ఆ పనిని తన చేత్తో, లెక్కతో చేశారు.

ఇక్కడే "పిల్లాడైనా వేస్తాడు" అన్న మాట తేలిపోతుంది. నూనె రంగు నీళ్లలా ఆవిరైపోయి ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. పల్చని పొరకు కూడా రోజులు పడుతుంది, మందమైతే వారాలు. పచ్చిగా ఉండగా పైన ఇంకో రంగు రోలర్‌తో తిప్పితే రెండూ కలిసి బురద అవుతుంది. పూర్తిగా ఆరాక కాగితం అదిమితే కింది పొర కదలదు, దానిలోంచి ఏమీ ఎత్తలేరు. తడికీ ఆరడానికీ మధ్య ఒక ఘడియ ఉంటుంది. అరిసెల పాకం పట్టేవాళ్లకు తెలిసిన ఘడియ లాంటిదది. లేతగా ఉంటే పిండి నిలవదు, ముదిరితే అరిసె రాయి అవుతుంది. ఎంతసేపు అని గడియారం చెప్పలేదు, చెయ్యే చెప్పాలి. వాతావరణం తేమగా ఉంటే ఒక లెక్క, పొడిగా ఉంటే ఒక లెక్క. రంగు రంగుకీ లెక్క మారుతుంది, ఎందుకంటే అన్ని రంగులూ ఒకే వేగంతో ఆరవు.

ఇన్ని పాట్లు పడితే కాన్వాస్ మీద ఏం జరుగుతుందంటే, పైపొర పల్చగా, పారదర్శకంగా ఉంటే దాని మీద పడిన వెలుగు అక్కడే తిరిగి రాదు. లోపలికి దిగి, కింది పొరల్ని తాకి, అక్కడి రంగును కొంత మోసుకుని బయటికొస్తుంది. అందుకే ఆయన చిత్రాల్లో రంగు పైన పూసినట్టు కాకుండా లోపలి నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. తేట చెరువులోకి చూస్తే నీళ్లు, నీళ్ల కింద రాళ్లు, రాళ్ల మీద వెలుగు మూడూ ఒకేసారి కనిపించినట్టు. 1970ల నుంచి ఆయన ఎక్కువగా నిలువు కాన్వాసులు ఎంచుకున్నారు. ఐదారు అడుగుల ఎత్తు, మూడు మూడున్నర అడుగుల వెడల్పు, అంటే దాదాపు ఎదురుగా నిలబడిన మనిషి కొలత. చూసేవాడు దాని ముందు ఎదురెదురుగా నిలబడతాడు. ఒకే రంగు కుటుంబంలో నడుస్తున్నట్టుండే చిత్రం, రెండు నిమిషాలు నిలబడితే మెల్లగా విడిపోవడం మొదలుపెడుతుంది. ముందు పచ్చగా కనిపించినదాంట్లో గోధుమ, గోధుమలో నలుపు, నలుపు అంచున సన్నని ఎరుపు.

"అబ్‌స్ట్రాక్ట్" అనడం ఆయనకు నచ్చలేదు

తన పనిని అబ్‌స్ట్రాక్ట్ అంటే గైతోండే ఒప్పుకునేవారు కాదు. "నాన్ ఆబ్జెక్టివ్" అనేవారు. మాటల పట్టింపులా కనిపించినా, తేడా పెద్దదే. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఒక వస్తువుతో మొదలుపెట్టి, దాని వివరాలు తగ్గించుకుంటూ పోవడం. చెట్టు ఉంటుంది, దాన్ని గీతలుగా చేస్తారు. చూసేవాడు వెనక్కి నడిచి చెట్టును పట్టుకోవచ్చు. రెండో దారిలో అసలు మొదలే వస్తువుతో కాదు, వెనక్కి నడిచినా దొరికేదేమీ లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే "ఇది దేని బొమ్మ" అన్న ప్రశ్న దానంతటదే పక్కకు పోతుంది. రాగాలాపన వింటూ "దీని సాహిత్యం ఏమిటి" అని ఎవరూ అడగరు. ఆలాపనలో సాహిత్యం దాక్కుని లేదు, ఉండాల్సిన పనీ లేదు.

పేర్లు పెట్టకపోవడం కూడా ఇందులో భాగమే. ఆయన చిత్రాల్లో చాలావాటికి "అన్‌టైటిల్డ్" అని, పక్కన సంవత్సరం మాత్రమే ఉంటుంది. పేరు ఉంటే చూసేవాడు ముందు పేరు చదివి, తర్వాత చిత్రంలో దాన్ని వెతుకుతాడు. తోటివాడైన రజా దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లారు. బిందువు, సౌరాష్ట్ర, తపోవనం అంటూ పేర్లు పెట్టి, కొన్నిసార్లు కాన్వాస్ మీదే నాగరి అక్షరాలు రాసి, చూసేవాడికి చేయి అందించారు. ఇద్దరూ గొప్పవాళ్లే. రజా దగ్గర దారి ఉంటుంది, గైతోండే దగ్గర దారి చూసేవాడే వేసుకోవాలి.

జెన్ బౌద్ధం, రమణ మహర్షి, ముంబైలోనే ఉన్న నిసర్గదత్త మహారాజ్, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, వీరి ఆలోచనలంటే ఆయనకు గురి. 1991లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో అంతా మౌనంతోనే మొదలవుతుందని, కుంచె, కాన్వాస్, నైఫ్ ఒక్కోదానికీ ఒక్కో మౌనం ఉంటుందని, చిత్రకారుడు ముందు వాటన్నిటినీ తనలోకి తీసుకోవాలని అన్నారు. దీన్ని పట్టుకుని ఆయన చిత్రాలను వేదాంతానికి వేసిన బొమ్మలుగా చదివేవాళ్లు చాలామంది. అది తేలికైన చదువు. ధ్యానం ఆయనకు నేర్పింది చిత్రంలోని విషయాన్ని కాదు, పనిలోని ఓర్పును అనడానికే ఆధారాలు ఎక్కువ. ఒక చిత్రానికీ ఇంకో చిత్రానికీ మధ్య వేచి ఉండటమే ముఖ్యమైన పని అని ఆయన చెప్పేవారు. పైన చెప్పిన తడి, ఆరడం లెక్కలు చూశాక ఆ మాట ఆధ్యాత్మికంగా ఎంత నిజమో, రంగుల డబ్బా దగ్గరా అంతే నిజం.

న్యూయార్క్, రోత్కో

1964-65లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద ఆయన న్యూయార్క్ వెళ్లి, చెల్సీ హోటల్లో ఉన్నారు. అందుకే ఆయన్ని అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కోతో పోల్చి "భారతీయ రోత్కో" అనేయడం అలవాటైంది. పోలిక పైకి కుదురుతుంది. ఇద్దరికీ పెద్ద రంగు మైదానాలు, పొరలు, లోపలి వెలుగు. కానీ తేదీలు ఈ పోలికకు అడ్డు వస్తాయి. ఆయన 1962 చిత్రం "పెయింటింగ్ 4" న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్) సేకరణలో ఉంది. అంటే ఫెలోషిప్‌కి ముందే ఆయన దారి ఆయనకు దొరికింది. పని తీరులోనూ తేడా ఉంది. రోత్కో అంచులు మసకబారిన పెద్ద దీర్ఘచతురస్రాలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, వాటి మధ్య ఒత్తిడితో చూసేవాడిని కదిలిస్తారు. గైతోండే దగ్గర అలాంటి దిమ్మెలు ఉండవు. మొత్తం ఒకే పరుపు, దాని మీద చిన్న చిన్న ముద్రలు. ఒకరి దగ్గర విషాదం ఉరుముతుంది, ఇంకొకరి దగ్గర గాలి ఆగిపోతుంది.

1984 తర్వాత

1971లో పద్మశ్రీ వచ్చింది. 1972లో ముంబై వదిలి ఢిల్లీ వెళ్లి, నిజాముద్దీన్ ఈస్ట్‌లో ఒక చిన్న బర్సాతీలో, అంటే డాబా మీది గదిలో ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు, ఎవరితోనూ పెద్దగా కలిసేవారు కాదు. ఈ ఏకాంతం చుట్టూ కథలు బాగా అల్లుకున్నాయి. మునిలాంటి చిత్రకారుడు అనే కథ వేలం కేటలాగుకు బాగా పనికొస్తుంది కూడా. ఆ కథను కాస్త పక్కన పెట్టి చూస్తే, ఒక ఇరుకు గది, కొద్దిపాటి సామాను, రోజులో ఎక్కువ భాగం ఆలోచన, ఏడాదికి ఐదారు చిత్రాలు. అంతే.

1984లో రోడ్డు ప్రమాదం జరిగింది. పెద్ద కాన్వాసుల మీద నిలబడి రోలర్ నడపడానికి ఒంట్లో బలం కావాలి, అది పోయింది. కొన్నేళ్లు పెద్ద చిత్రాలు ఆగిపోయాయి. ఆ కాలంలో కాగితం మీద సిరాతో చిన్న చిన్న డ్రాయింగులు వేశారు. అంతకు ముందు రంగు పొరల మధ్య సగం మునిగి ఉన్న ఆ లిపి ఇక్కడ తెల్ల కాగితం మీద ఒంటరిగా నిలబడింది. దెబ్బ వల్ల వచ్చిన ఈ విరామం ఆయన పనిని చదవడానికి మంచి తాళంచెవి. రంగును తీసేస్తే లోపల ఎలాంటి గుర్తులు నడుస్తున్నాయో ఆ డ్రాయింగుల్లో తేటగా కనిపిస్తుంది. తర్వాత మళ్లీ కాన్వాస్ దగ్గరికి వచ్చారు. 2001 ఆగస్టు 10న కన్నుమూశారు.

67 కోట్లు ఎలా వచ్చాయి

2013 డిసెంబర్‌లో ముంబైలో క్రిస్టీస్ వేలంలో 1979 నాటి చిత్రానికి 23.7 కోట్లు పలికింది. 2015లో 1995 నాటి చిత్రానికి 29.3 కోట్లు. 2021లో 39.98 కోట్లు, 2022లో 42 కోట్లు, 2025లో 67.08 కోట్లు. మొదటి అంకె నుంచి చివరి అంకెకు దాదాపు 2.8 రెట్లు, పన్నెండేళ్లకు పంచితే ఏడాదికి తొమ్మిది శాతం అటూ ఇటూ. వార్తల్లోని హోరుతో పోలిస్తే ఇది మామూలు పెరుగుదలే. పైగా ఇవి వేర్వేరు చిత్రాలు, ఒకే చిత్రం మళ్లీ మళ్లీ అమ్మిన లెక్క కాదు. కాబట్టి ఈ శాతాన్ని చూసి పెట్టుబడి సలహాలు ఇవ్వడం సరికాదు. వార్తల్లో వచ్చే మొత్తంలో వేలం సంస్థ కొనేవారి నుంచి తీసుకునే ప్రీమియం కూడా కలిసి ఉంటుందన్నది ఇంకో మెలిక.

ధర వెనక మొదటి కారణం సరుకు తక్కువ కావడం. హుస్సేన్ జీవితమంతా ఎడతెగకుండా వేశారు. గైతోండే ఆగి ఆగి వేశారు. మంచి చిత్రాల్లో కొన్ని ఇప్పటికే మ్యూజియంలకు చేరాయి, అవి మళ్లీ బయటికి రావు. మిగిలిన వాటిలో ఒకటి వేలం పాటకు వస్తే, మళ్లీ అలాంటిది ఎప్పుడొస్తుందో తెలియని ఇద్దరు పట్టుదలగా నిలబడితే చాలు, పాట ఆకాశానికి పోతుంది. రికార్డు ధర అంటే దేశం మొత్తం ఒప్పుకున్న విలువ అనుకుంటారు. అది చివరి వరకు చేయి దించని ఆ ఇద్దరి లెక్క మాత్రమే.

రెండో కారణం చట్టం. 1972 నాటి పురావస్తువులు, కళా నిధుల చట్టం కింద రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ వంటి తొమ్మిదిమంది చిత్రాలను జాతీయ నిధులుగా గుర్తించారు. అవి దేశం దాటకూడదు, అంటే దేశంలో ఉన్నవాటిని కొనేవాళ్లు దేశంలోపలే ఉండాలి. గైతోండే ఆ జాబితాలో లేరు. ఆయన చిత్రానికి ముంబై వ్యాపారి, లండన్ సేకర్త, న్యూయార్క్‌లో స్థిరపడిన భారతీయుడు అందరూ పాట పాడొచ్చు.

మూడోది మ్యూజియం ముద్ర. 2014 అక్టోబర్ నుంచి 2015 ఫిబ్రవరి వరకు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది, తర్వాత వెనిస్‌కి వెళ్లింది. ధరలు దానివల్లే పెరిగాయని తరచూ చెబుతారు. కానీ 23.7 కోట్ల గెంతు ఆ ప్రదర్శన తలుపులు తెరవడానికి పది నెలల ముందే పడింది. ప్రదర్శన పెరుగుదలను నిలబెట్టి ఉండొచ్చు, మొదలుపెట్టింది మాత్రం దేశంలో పెరిగిన సంపన్న కొనుగోలుదారులు, ఢిల్లీలో 2010లో మొదలైన కిరణ్ నాడార్ మ్యూజియం వంటి కొత్త ప్రైవేటు సేకరణలు అనడమే ఎక్కువ నప్పుతుంది.

ఈ డబ్బులో చిత్రకారుడి వాటా ఎంత? మళ్లీ అమ్మినప్పుడు వచ్చే లాభం చిత్రాన్ని పట్టుకుని ఉన్నవారిదే. మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ఉంది. పదివేల రూపాయలు దాటిన మళ్లీ అమ్మకాల్లో చిత్రకారుడికో, వారసులకో వాటా ఇవ్వాలంటుంది, ఆ వాటా గరిష్ఠంగా 10 శాతం. కాగితం మీద చక్కటి ఏర్పాటు. అమలు అంతంత మాత్రం. బర్సాతీలో బతికిన మనిషి చిత్రం కోట్లకు పోవడం బాధ కలిగించే విషయమే, కానీ అది గైతోండే ఒక్కరికే జరిగిన అన్యాయం కాదు. ఈ సెక్షన్‌కి పళ్లు వస్తే రేపటి చిత్రకారుల కుటుంబాలకైనా మేలు.

ఇకముందు ఏం జరగొచ్చు

ధర పెరిగినచోట నకిలీలు పెరగడం సహజం. సంతకం, పేరు, బొమ్మ ఏదీ పట్టివ్వని నైరూప్య చిత్రంలో నకిలీ చేయడం తేలిక అనిపిస్తుంది. గైతోండే విషయంలో పొరలే కాపలా. పైకి కనిపించే రంగును అనుకరించవచ్చు, కింద ఏడెనిమిది పొరలు ఏ క్రమంలో ఆరాయో అనుకరించడం కష్టం. అయినా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న కాగితాలు లేని చిత్రానికి ఇక ముందు గిరాకీ తగ్గుతుంది, ఉన్నవాటికి ఇంకా పెరుగుతుంది.

తెలుగు ప్రాంతం మీద ప్రభావం పరోక్షమే. గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, షికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు వంటి నైరూప్య చిత్రకారులు మనకూ ఉన్నారు. ఒకరి ధర పెరిగితే ఆ తరం మొత్తాన్ని మార్కెట్ మళ్లీ తిరగేసి చూడటం మామూలు, ఆ చూపు ఇటు కూడా పడొచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రభావం చూసేవాళ్ల మీదే. ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆయన చిత్రాలున్నాయి. హోమీ భాభా చొరవతో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ సేకరించిన చిత్రాల్లోనూ ఉన్నాయి. మిగిలినవాటిలో చాలా భాగం ప్రైవేటు ఇళ్లలో, గోదాముల్లో ఉన్నాయి. అవి బయటికి వచ్చేది తరచూ వేలానికి ముందు పెట్టే ప్రివ్యూ రోజుల్లోనే. సాధారణంగా దానికి టికెట్ ఉండదు, కొనే ఉద్దేశం ఉందా అని అడగరు. ఢిల్లీ, ముంబైల్లో ఉన్న తెలుగువాళ్లకు అది మంచి అవకాశం. ముందు పది అడుగుల దూరంలో నిలబడి, తర్వాత చిత్రానికి ఒక పక్కకు జరిగి, వెలుగు ఏటవాలుగా పడే కోణంలో చూడాలి. కాగితం ఎత్తిన చోట అంచు సన్నగా లేచి ఉంటుంది, దాని పక్కనే కింది పొర తొంగిచూస్తూ ఉంటుంది.